బేరింగు మీద నీలం చుక్కలు

మా నాన్నకి కళ్ళు కనపడటం లేదన్న సంగతి పిడుగురాళ్ళ మొత్తం మీద ముగ్గురికే తెలుసు. నాన్నకి, అమ్మకి, నాకు. నాలుగో మనిషికి తెలిస్తే నాన్నని పనికి పిలిచేవాళ్ళుండరు. అందుకని ఏడాది పాటు మేం ముగ్గురం ఆ సంగతిని కొంగున ముడేసుకుని తిరిగాం.

ఎనభైల నడిమి మాట ఇది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇంటర్మీడియట్ తప్పి ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నాను అనేది మా అమ్మ చుట్టాలకి చెప్పే మాట. నిజానికి ఆ ఏడాది నేను కూర్చున్నది చాలా తక్కువ.

నాన్న బేరింగుల మేస్త్రి. మా ఊరి చుట్టూ సున్నపురాయి క్వారీలు, సున్నపు బట్టీలు. క్వారీలో పేల్చిన బండల్ని ముక్కలు చేయటానికి క్రషర్లుండేవి. క్రషరంటే రెండు ఇనప దవడలు. ఒకటి కదలదు, రెండోది ముందుకీ వెనక్కీ ఆడుతూ మధ్యలో పడ్డ బండని నమిలేస్తుంది. ఆ దవడని ఆడించేది మనిషి తొడంత లావున్న షాఫ్టు. షాఫ్టు అటూ ఇటూ రెండు బేరింగుల్లో తిరుగుతుంది. ఇప్పటివాళ్ళు బేరింగు అనగానే లోపల గుండ్లున్న చక్రాన్ని తలుచుకుంటారు. మా పాత క్రషర్లలో గుండ్లూ లేవు, గిండ్లూ లేవు. గొట్టాన్ని నిలువునా చీలిస్తే రెండు సగాలొస్తాయి కదా, అలాంటి రెండు ఇనప చిప్పలు. వాటి లోపలివైపు వైటుమెటలు అని మెత్తటి తెల్ల లోహం కరిగించి పోస్తారు. కింది చిప్పలో షాఫ్టు కూర్చుంటుంది, పై చిప్ప మూతలా బిగుస్తుంది. మధ్యన నూనె ఉంటుంది.

పోత పోయటం పెద్ద పని కాదు. పోసిన లోహాన్ని షాఫ్టుకి అమర్చటం పెద్ద పని. షాఫ్టుకి నీలం రంగు పూస్తారు. గొలుసు కప్పీతో దాన్ని చిప్పలోకి దించి, నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి, మళ్ళీ పైకి లేపుతారు. తెల్ల లోహం మీద షాఫ్టు ఎక్కడ తాకిందో అక్కడ నీలం అంటుకుంటుంది. తాకనిచోట తెల్లగానే ఉంటుంది. నీలం అంటుకున్న చోటల్లా ఎత్తు అన్నమాట. పాత ఆకురాయిని అరగదీసి చేసుకున్న గీకుడు కత్తితో ఆ ఎత్తుల్ని మాత్రం సన్నగా గీకాలి. మళ్ళీ నీలం, మళ్ళీ దించటం, లేపటం, చూడటం, గీకటం. యాభైసార్లో అరవైసార్లో అయ్యాక నీలం చుక్కలు చిప్ప నిండా సమంగా పరుచుకుంటాయి. అప్పుడు బేరింగు కూర్చున్నట్టు.

ఇందులో చెయ్యి పని సగమే, తక్కిన సగం కంటి పని. నాన్నకి ఆ సగం పోయింది. శుక్లాలు. గుంటూరులో డాక్టరు చూసి, ఇంకా ముదరలేదు, ముదిరాక రండి, అప్పుడు కోస్తాను అన్నాడట. ఆ రోజుల్లో అట్లాగే అనేవాళ్ళు. "ముదరటానికి అదేమన్నా సొరకాయా?" అని అమ్మ మండిపడింది. మండిపడి లాభం లేదు. ముదిరేదాకా గడవాలి. నాన్నకి వెలుతురు తెలిసేది, మనిషి ఆకారం తెలిసేది. తెలుపు మీద నీలం చుక్క మాత్రం తెలిసేది కాదు.

అందుకని నన్ను వెంటబెట్టుకు తిరగటం మొదలుపెట్టాడు. కొడుకులు లేరు, సామాన్ల సంచి మోయటానికి పిల్లని తెచ్చుకుంటున్నాను అని చెప్పేవాడు. షాఫ్టు లేవగానే నేను చిప్ప తుడిచే వంకతో వంగి, "నాన్నా, ఎడమ అంచున మూడు, నడిమిన రెండు" అని గొణిగేదాన్ని. ఆయన వేలితో ఆ చోటు తడిమి గీకేవాడు. నాలుగు నెలలు అయ్యేసరికి, క్రషరువాళ్ళు అన్నాలకి వెళ్ళిన వేళ చూసి కత్తి నా చేతికిచ్చేవాడు. ఇంకో నాలుగు నెలలకి గీకటం అంతా నేనే. వాళ్ళు తిరిగొచ్చేసరికి కత్తి మళ్ళీ ఆయన చేతిలో ఉండేది. మేమిద్దరం ఎంత చక్కగా దొంగాట ఆడేవాళ్ళమంటే, పట్టుబడమని నాకు ధీమా వచ్చేసింది. ఇదే ధీమా పని మీద కూడా వచ్చింది. నాకు ఇంక నేర్చుకునేదేమీ లేదనుకున్నాను.

ఎండాకాలం చివర్లో, ఊరికి మూడు మైళ్ళ దూరంలో ఉన్న ఒక క్రషరు నుంచి కబురొచ్చింది. ఎడమవైపు బేరింగు కాలిపోయింది. ఆ ఆసామి మాకు దూరపు వరస, నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. మంచివాడే కానీ నోరు దురుసు. బండలు గుట్టలు పడిపోయి ఉన్నాయి, లారీలు దాచేపల్లి రోడ్డు దాకా వరసకట్టి ఉన్నాయి. రెండు రోజుల్లో తిరగాలన్నాడు.

పోత పోశాం. గీకుడు మొదలెడదామని సంచి విప్పితే నీలం ట్యూబు అడుగంటి ఉంది. మేస్త్రీలు వాడే ఆ నీలం గుంటూరు నుంచి రావాలి. నేను నవ్వి, "నీలానికి మనూళ్ళో కరువా?" అన్నాను. మాది సున్నం ఊరు. ఏడాదికి రెండుసార్లు ప్రతి ఇంటికీ వెల్ల వేస్తాం, వెల్లలో మెరుపు కోసం బట్టల నీలం కలుపుతాం. ఏ కొట్లో అడిగినా పొట్లం కట్టి ఇస్తారు. ఆ పొడిని ఆముదంలో నూరి పేస్టులా చేశాను. నాన్న వేళ్ళ మధ్య నలిపి చూసి, "గరుగ్గా ఉంది. చానా పల్చగా రాయాల" అన్నాడు. సరేనన్నాను.

అసలు తప్పు అక్కడ జరిగింది. మా ఇంటికీ, మా పక్కింటికీ, ఆ పక్క పిన్ని వాళ్ళ ఇంటికీ వెల్ల వేసిన చెయ్యి నాది. గోడ మీద గంట్లు, గీతలు, పెచ్చులూడిన చోట్లు ఏమున్నా, చిక్కటి సున్నం ఒక్క పూత దట్టంగా లాగితే అన్నీ మాయమైపోతాయి. మంచి వెల్ల అంటే అదే మా ఊళ్ళో. ఆ గరుకు నీలం పల్చగా రాస్తే షాఫ్టు మీద గీతలు గీతలుగా ఉండి నాకు చూడబుద్ధి కాలేదు. బాగా దట్టించి, నున్నగా, గోడకి వేసినట్టు వేశాను.

షాఫ్టు దించి తిప్పి లేపితే చిప్ప అంతా నీలమే! పదిసార్లకే, మామూలుగా యాభైసార్లకి కూడా రానంత నీలం. నా ఆనందం చూడాలి. "నాన్నా, నిండా పడింది! మూలమూలకీ పడింది!" అన్నాను. నాన్న వేలు పెట్టి చిప్ప అంతా తడిమాడు. ఒకచోట వేలు ఆగింది. "నిండా పడిందా?" అని మళ్ళీ అడిగాడు. "నీ మీద ఒట్టు" అన్నాను. ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. శుభ్రంగా తుడిచి, నూనె పోసి, మూత బిగించాం.

అప్పట్లో మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. కొత్త బేరింగు బిగించాక క్రషరు ఒక గంట రాయి నములుతూ నడవాలి. తర్వాత మేస్త్రి వట్టి అరచేతిని బేరింగు మూత మీద పెట్టాలి. ఆసామి పక్కన నిలబడి ముప్పై దాకా లెక్కపెడతాడు. ముప్పై అయ్యేదాకా చెయ్యి తీయకపోతే పని బాగా జరిగినట్టు. మధ్యలో తీస్తే విప్పి మళ్ళీ చేయాలి. కాగితాలూ సంతకాలూ ఏమీ లేవు, అరచెయ్యే రసీదు. నాన్న ఇరవై ఐదేళ్ళలో ఒక్కసారి కూడా మధ్యలో చెయ్యి తీయలేదు.

ఆ రోజూ తీయలేదు. గంట నడిచాక చెయ్యి పెట్టాడు. బాబాయ్ లెక్కపెట్టాడు. పదిహేను దగ్గర నాన్న దవడ బిగుసుకోవటం చూశాను కానీ ఎండ అనుకున్నాను. ముప్పై కాగానే చెయ్యి తీసి తుండుగుడ్డలో చుట్టుకుని, "బానే ఉందయ్యా" అన్నాడు. మమ్మల్ని పిడుగురాళ్ళ వెళ్ళే రాయి లారీ ఎక్కించారు.

లారీ మైలున్నర పోయింది. సంచి పట్టుకో నాన్నా అంటే ఎడమచేత్తో అందుకున్నాడు. ఆయన కుడిచేతివాటం మనిషి. సంచి కాళ్ళ దగ్గర పెట్టి, మళ్ళీ ఆ ఎడమచేత్తోనే తలుపు పట్టుకున్నాడు. కుడిచెయ్యి తుండుగుడ్డలోనే ఉంది. గుడ్డ లాగేశాను. అరచెయ్యంతా తెల్లటి బొబ్బలు.

"అన్నా, లారీ ఆపు" అన్నాను డ్రైవరుతో.

దిగి వెనక్కి నడిచాం. నేను ముందు, ఆయన నా భుజం పట్టుకుని వెనక. ఎండ మాడ్చేస్తోంది.

"పోనీయవే. రెండు రోజులు తిరిగితే అదే సర్దుకునిద్ది" అన్నాడు.

"సర్దుకోదు నాన్నా. ఇయ్యాల లోహం కరిగిద్ది, రేపు షాఫ్టు గీసుకుపోయిద్ది. నువ్వు చెప్పిన మాటేగా."

కొంచెం దూరం నడిచి, "వేలు పెట్టినప్పుడే నాకు అనుమానమొచ్చింది. నడిమిన పల్లంగా తగిలింది" అన్నాడు.

"మరి చెప్పవేంది?"

"నువ్వు అంత సంబరంగా చెప్పావు గదే."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, నా మీద. ఇరవై ఐదేళ్ళు ఒక్క అబద్ధం చెప్పని చేత్తో నా తప్పుకి అబద్ధం చెప్పించాను. ఆ రోడ్డు మీదే అనుకున్నాను, ఈ బేరింగుని నేనే కూర్చోబెట్టాలి, కూర్చోబెట్టేదాకా ఇంట్లో కడుపునిండా తినకూడదని. రెండోది నిలబెట్టుకోలేదు, ఆకలి నాకు ఆగదు. మొదటిది నిలబెట్టుకున్నాను.

క్రషరు దగ్గరికి వెళ్ళి ఆపమని అరిచాను. బాబాయ్ పరుగెత్తుకొచ్చాడు.

"మేస్త్రి చెయ్యి పెట్టాక మళ్ళీ ఆపటమేంది? నీకేమన్నా పిచ్చా అమ్మాయ్?"

నేను నాన్న కుడిచెయ్యి పట్టుకుని బాబాయ్ ముఖం ముందుకి ఎత్తాను. ఆయన దాన్ని చూశాడు. చెయ్యెత్తి మోటారు ఆపించాడు.

"ఎందుకు పెట్టావయ్యా, ఇంత కాలుతుంటే?" అన్నాడు.

"మధ్యలో తీసే అలవాటు లేదు" అన్నాడు నాన్న.

"నీలం రాసింది నేను బాబాయ్. దట్టంగా రాశాను. తప్పు నాది."

"నువ్వు రాస్తే ఆయనేం చేస్తన్నాడు?"

దానికి ఉన్న ఒక్క జవాబూ చెప్పకూడనిది. నాన్న కల్పించుకుని, "ఎల్లుండికి సరిచేస్తాం" అన్నాడు. బాబాయ్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఎల్లుండి మధ్యాన్నం దాకా చూస్తా. తిరగలేదా, గుంటూరు మేస్త్రిని పిలిపిస్తా. ఆయనొకసారి ఇటు అడుగు పెట్టాడంటే మిగతా క్రషర్లన్నీ ఆయనకే పోతాయి. నీకు తెలవంది కాదు" అని వెళ్ళిపోయాడు.

చిప్ప చల్లారాక విప్పాం. అంత చిప్పలోనూ నాలుగంటే నాలుగే చోట్ల లోహం కరిగి నల్లగా, నున్నగా పూసినట్టు అయింది. తక్కినదంతా నా కత్తి గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి. అంటే అక్కడ షాఫ్టు అసలు తాకనే లేదు. అంత షాఫ్టు, అంత చక్రం, అంత బండల బరువు ఆ నాలుగు చోట్ల మీదే నిలబడింది. నిండా పడిందని నేను గంతులేసిన నీలం, పల్లాల్లో నిండిన నీలం. సున్నం గోడ గుంటల్ని కప్పినట్టు కప్పేసింది.

చాలా ఏళ్ళ తర్వాత నరసరావుపేట నుంచి ఒక కాలేజీ లెక్చరరు మా షెడ్డుకి వచ్చి, కాఫీ తాగుతూ నాకు చెప్పుకొచ్చాడు. ఎంత నునుపు వస్తువైనా దగ్గరగా చూస్తే గుట్టలూ లోయలేనమ్మా, రెండు వస్తువులు ఆనుకున్నాయంటే గుట్టల కొసలు మాత్రమే ఆనుకున్నట్టు, బరువు పెంచేకొద్దీ ఆ కొసలు అణిగి కొత్త కొసలు వచ్చి తాకుతాయి, అంతా కలిపినా నిజంగా తాకే చోటు పిసరంతే అన్నాడు. ఆయన ఎంతో ఓపిగ్గా చెప్పాడు కాబట్టి నేనూ ఓపిగ్గా విన్నాను. ఆ పాఠం నాకు ఎవరి అరచేతి మీద అచ్చయిందో ఆయనకి తెలియదు కదా.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాం. నాన్న కుడిచేతికి అమ్మ వెన్న రాసి గుడ్డ కట్టింది. ఈసారి దొంగాటకి కూడా వీల్లేదు, ఆయన కత్తి పట్టే స్థితిలో లేడు. చెయ్యి కాలింది కాబట్టి పిల్ల చేస్తోంది అని అందరూ అనుకున్నారు. అదొక్కటే మాకు కలిసొచ్చింది.

"నీలం రాయి" అన్నాడు నాన్న. రాశాను. "ఇప్పుడు తుడిచెయ్" అన్నాడు.

"రాసింది తుడవటమేంది?"

"రాసినట్టు ఉండకూడదు. రాసి తుడిచేసినట్టు ఉండాల."

పాత చీర పేలికతో తుడిచాను. షాఫ్టు మీద నీలం ఉందో లేదో అన్నంతగా మిగిలింది. దించి, తిప్పి, లేపాం. చిప్పలో మూడు చుక్కలు. నిన్న నిండుగా కనిపించిన చోటే ఈవేళ మూడంటే మూడు చుక్కలు. నా ముఖం మాడిపోయింది.

"ఎన్ని?" అన్నాడు.

"మూడే."

"నిన్న చెప్పింది అబద్ధం. ఇయ్యాల చెప్పింది నిజం. గీకు."

గీకాను. మళ్ళీ దించితే ఐదు. తర్వాత ఐదు పోయి నాలుగైంది, నాకు ఒళ్ళు మండింది. తర్వాత తొమ్మిది. షాఫ్టుని దించి లేపటానికి ఇద్దరు మనుషులు గొలుసు లాగేవాళ్ళు. ఇరవయ్యోసారికి వాళ్ళలో పెద్దాయన, "ఏందమ్మాయ్, పెళ్ళికూతురికి బొట్లు పెట్టినట్టు ఒక్కొక్క చుక్క లెక్కపెడతన్నావ్" అన్నాడు. "పెళ్ళికొడుకు బరువు చానా ఎక్కువ తాతా, చుక్కలు చాలవు" అన్నాను. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వుతో నా భుజాల నొప్పి కొంచెం తగ్గింది.

నాన్న పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, నేను చెప్పే లెక్క వింటూ, మధ్యమధ్య ఎడమచేతి చూపుడువేలితో చిప్ప తడిమేవాడు. ఆ వేలికి ఎన్ని సంగతులు తెలిసేవో! "ఇక్కడ గీత ఎదురు పడింది, అడ్డంగా మార్చు" అనేవాడు. "ఇక్కడ నువ్వు విసుగులో ఉన్నావు" అని కూడా అన్నాడొకసారి. నిజమే, ఉన్నాను. సాయంత్రం వెలుతురు తగ్గేసరికి పాతిక చుక్కలొచ్చాయి. వెలుతురు లేకుండా నీలం చూడకూడదని పని ఆపించాడు. నేను ఇంకొక్కసారి అని బతిమాలితే, "నా కళ్ళతో చూస్తావా ఏంది?" అన్నాడు. నోరు మూసుకుని లారీ ఎక్కాను.

రెండో రోజు పొద్దున ఒక పొరపాటు చేశాను. తొందరలో కత్తి కొస దిగబడి, నడిమిన పొడుగాటి గాడి పడింది. దాన్ని అలాగే వదిలేస్తే ఒత్తిడి కింద నూనెంతా దాని గుండా బయటికి పోతుంది. దాన్ని పోగొట్టాలంటే చుట్టూ ఉన్న ఎత్తంతా దించాలి, అంటే నిన్నటి పనిలో సగం నీళ్ళపాలు. కత్తి కింద పెట్టి రెండు నిమిషాలు కూర్చున్నాను. నాన్న వేలితో గాడి చూశాడు. తిట్టలేదు, ఓదార్చలేదు. "మధ్యాన్నం దాకా ఎంతసేపుంది?" అని మాత్రం అడిగాడు. "ఐదు గంటలు" అన్నాను. "చాలు" అన్నాడు.

ఆ ఐదు గంటలూ నేను మనిషిని కాదు. బొబ్బలెక్కి పగిలిన వేళ్ళకి గుడ్డ పేలికలు చుట్టుకుని గీకాను. ఎవరు పలకరించినా పలకలేదు. చుక్కలు ముప్పై, నలభై, తర్వాత లెక్కపెట్టలేనన్ని. చివరికి చిప్ప అంతా ముగ్గు చుక్కల్లా సమంగా పరుచుకున్నాక, నాకు ఇంకా తనివి తీరక, ఆ చుక్కల్ని కూడా రుద్ది అద్దంలా నున్నగా చేద్దామని నునుపు పెట్టే గరుకు గుడ్డ తీశాను. నాన్నకి ఆ గుడ్డ చప్పుడు తెలుసు.

"అది లోపల పెట్టెయ్. తిరగలి రాయి గరుకెక్కేలా కక్కు ఎందుకు కొట్టిస్తాం?"

"నున్నబడితే పిండి పడదు."

"ఇక్కడా అంతే. నున్నబడితే నూనె నిలవదు. కొసలు బరువు మోస్తాయి, పల్లాలు నూనె మోస్తాయి. రెండూ ఉండాల."

గుడ్డ లోపల పెట్టేశాను. మూత బిగించేసరికి ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. క్రషరు తిరిగింది. బండలు వేయించారు. ఆ గంటలో నేను కూర్చోలేదు, నిలబడలేదు, షెడ్డు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. గంట అయ్యాక బాబాయ్ వచ్చి నాన్న ఎదురుగా నిలబడ్డాడు.

"చెయ్యి పెట్టు మేస్త్రీ. ఎడమదైనా పర్లేదు."

నాన్న లేచాడు కానీ కదల్లేదు.

"నేను పెట్టకూడదయ్యా. చేసినవాళ్ళే పెట్టాల. ఈ బేరింగు మా అమ్మాయి చేసింది. ఇదే కాదు, ఏడాది నించి నా పేరు మీద ఈ చుట్టుపక్కల నడిచే బేరింగులన్నీ దాని కంటితో చూసినయ్యే. నాకు శుక్లాలు. నీలం చుక్క కనపడి ఏడాదైంది."

నాకు నాన్న మీద పట్టరాని కోపం వచ్చింది. ఏడాది పాటు ఎంత జాగ్రత్తగా కాపాడుకున్నాను! అమ్మ ఎన్ని రాత్రులు నిద్రపోలేదు! ఇంత చేసి, పని బాగయ్యే గంటలో ఆయనే నోరు విప్పి మొత్తం పారబోశాడు. వెళ్ళి ఆ కోపంతోనే మూత మీద చెయ్యి అదిమి పెట్టాను. బాబాయ్ లెక్క మొదలుపెట్టాడు. కావాలనే నిదానంగా లెక్కపెట్టాడని ఇప్పటికీ నా అనుమానం. మూత గోరువెచ్చగా ఉంది. కింద షాఫ్టు తిరుగుతున్నట్టు అరచేతికి సన్నగా తెలుస్తోంది. ముప్పై అయ్యాక కూడా నేను తీయలేదు. "చాల్లే, తియ్" అన్నాడు బాబాయ్. మెచ్చుకోలేదు, తిట్టలేదు. లారీల వైపు వెళ్ళిపోయాడు.

ఇల్లు చేరాక నాన్నని అడిగేశాను, ఎందుకు చెప్పావు అని.

"నిన్న కాక మొన్న నీ పనికి నా చెయ్యి పెట్టా. తప్పు పనికి పెట్టా. ఒప్పు పనికి కూడా నా చెయ్యే పెడితే, నువ్వెప్పుడు మేస్త్రివి అవుతావే?" అన్నాడు.

అమ్మ ఇది విని ఆ పూట ఇద్దరికీ అన్నం వడ్డించలేదు. మేమే వడ్డించుకున్నాం. ఆమె భయం తప్పు కాదు. వారం తిరిగేలోగా ఊరంతా పాకింది. రెండు నెలలు ఒక్క క్రషరు నుంచి కూడా కబురు రాలేదు. కళ్ళు లేని మేస్త్రి అని కొందరు, ఆడపిల్ల గీకిన బేరింగంట అని కొందరు. బజారుకి వెళితే నా చేతుల వైపు చూసేవాళ్ళు. నేను చేతులు దాచుకోలేదు. పాత ఇనప సామాన్ల కొట్లో నుంచి ఒక కాలిపోయిన చిప్ప, దానికి సరిపడే షాఫ్టు ముక్క తెచ్చుకుని, ఇంటి వసారాలో పెట్టుకుని రోజూ గీకేదాన్ని. నీలం రాయటం, తుడవటం, చూడటం. ఎవరూ పిలవకపోతే పోనీ, పిలిచిన రోజున నా చెయ్యి మొద్దుబారి ఉండకూడదని పంతం. నాన్న పక్కన కూర్చుని వినేవాడు. కత్తి చప్పుడుని బట్టి తప్పు చెప్పేవాడు. పోనుపోను చెప్పటం తగ్గింది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం వీధిలో మోటారు సైకిలు ఆగింది. నేను వంటింట్లో అప్పుడే అన్నం కలుపుకున్నాను. నాన్న అరుగు మీద ఉన్నాడు. బాబాయ్ గొంతు.

"మేస్త్రీ, బాగున్నావా? కుడివైపు బేరింగు పోయింది. మీ అమ్మాయి ఉందా?"

చెయ్యి కడుక్కుందామని గబగబా లేచాను. మా నాన్న ఆసామి వస్తే సగం అన్నంలో లేచి వెళ్ళే మనిషి, పాతికేళ్ళుగా అట్లాగే లేచి వెళ్ళాడు.

"ఉంది. అన్నం తింటా ఉంది. కూర్చోండి" అన్నాడు నాన్న. తర్వాత లోపలికి వినపడేలా గొంతు పెంచి, "నిదానంగా తినవే, ఆయన ఉంటాడులే" అన్నాడు.